మొగలిలంకలో తొమ్మిది రోజులు

తాడేపల్లిగూడెంలో డాక్టరు వీరవెంకటరమణ గారి భార్య పుస్తకాలు రాస్తుందని చాలామందికి తెలుసు. ఏం రాస్తుందో తెలిసినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వంటల పుస్తకమేమో అనుకున్నవాళ్ళే ఎక్కువ. ప్రసన్నలక్ష్మి ఎవర్నీ సరిదిద్దేది కాదు. ఒకసారి ఆ పని చెయ్యబోతే ఎదురింటావిడ, "పాతకాలం వైద్యమా అండీ! అయితే మా అత్తగారి మోకాళ్ళకి ఏదైనా మంచి నూనె చెప్పండి" అని గేటు దగ్గరే పట్టుకుంది.

ఆవిడ రాసేది చరిత్ర. ఇటు కొల్లేరు దాకా, అటు జంగారెడ్డిగూడెం మెట్ట దాకా, జనం జబ్బు పడితే ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఎలా వెళ్ళారు, బతికారా లేదా అన్నది. మన్యం జ్వరాల మీద ఒక పుస్తకం, మిషను ఆస్పత్రుల్లో పనిచేసిన మంత్రసానుల మీద ఇంకొకటి వేసింది. రెండో దాని కాపీలు సగం ఇంకా మంచం కిందే ఉన్నాయి. చిత్తుప్రతులన్నీ మందుల కంపెనీలవాళ్ళు పంచిపెట్టే ప్యాడ్ల మీదే రాసేది. గ్యాస్ మాత్ర బొమ్మ కింద మశూచి, దగ్గుమందు బొమ్మ కింద పాముకాటు. "మా ఆవిడ పోయినవాళ్ళకి కేస్ షీట్లు రాస్తోందండీ. నా పేషెంట్లకంటే ఆవిడ పేషెంట్లే నయం, అన్నం తింటుంటే ఫోను చెయ్యరు" అని డాక్టరు గారు వచ్చినవాళ్ళ దగ్గర వేళాకోళం ఆడేవారు. ఆవిడా నవ్వేది. భార్య పనిని వేళాకోళం చేసే హక్కు భర్తలకి పుట్టుకతో వస్తుందని అనుకునే తరం వాళ్ళిద్దరిదీ.

మూడో పుస్తకం కొల్లేటి లంకల్లో వైద్యం గురించి. అందులో ఏడో అధ్యాయానికి డాక్టరు గారు వేళాకోళం ఆడలేదు. అది ఆయన గురించే.

నలభై ఏళ్ళ కిందట, ఆయన కొల్లేటి అంచున ఒక చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన రోజుల్లో, వరద తీసిన తర్వాత మొగలిలంకలో వాంతులు విరేచనాలు పట్టుకున్నాయి. కలరా అన్నారు. చుట్టూ నీళ్ళు, దోనె తప్ప దారి లేదు. కుర్ర డాక్టరు ఒక్కడే దోనెలో వెళ్ళి, తొమ్మిది రోజులు అక్కడే ఉండి, సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పు వేసిన గంజి పట్టించి ఊరిని నిలబెట్టాడు. ఈ కథ ప్రసన్నలక్ష్మికి కంఠతా వచ్చు. పెళ్ళయిన రెండేళ్ళకి జరిగిన సంగతి. పదో రోజు ఆయన గడ్డం పెరిగి, చిక్కి ఇంటికొస్తే, పెరట్లోనే నిలబెట్టి వేడినీళ్ళు పోసింది తనే. ఆ రోజు పొంగిపోయిన గుండె మళ్ళీ మామూలు స్థితికి రాలేదు. ఆ తర్వాత ఆయన చేసిన చిన్నా పెద్దా తప్పులన్నిటినీ ఆ తొమ్మిది రోజుల ఖాతాలో మాఫీ చేస్తూ వచ్చింది.

ఊళ్ళో డాక్టర్లంతా కలిసి ఆయనకి సన్మానం చేద్దామనుకున్నారు. పుస్తకావిష్కరణ కూడా అదే వేదిక మీద. ఏడో అధ్యాయం చదివి వినిపించాలని ముందే తీర్మానించేశారు. ఇంకా రాయందే!

అధ్యాయం కోసం ఆవిడ పదకొండు మందిని కలిసింది. ఎక్కడికి వెళ్ళినా ముందు, "నేను రమణ డాక్టరు గారి భార్యనండి" అని చెప్పేది. అది ఆవిడ పద్ధతి. ఆ మాటతో తలుపులు తెరుచుకునేవి. కుర్చీ తుడిచి వేసేవారు, ఎండలో వచ్చారంటూ సోడా తెప్పించేవారు. పదకొండు మందీ ఒక్కటే చెప్పారు. "దేవుడిలా వచ్చారండి." అప్పటి కాంపౌండరు దేవరాజు అయితే చేతులు జోడించి మరీ చెప్పాడు. అంతమంది ఒకే మాట అంటే అది నిజం కాక మరేమిటని ఆవిడ సంతోషంగా రాసుకుంది. చరిత్ర రాసేవాళ్ళకి అనుమానం పుట్టాల్సింది సరిగ్గా అక్కడే. పుట్టలేదు. సొంత మొగుడి సంగతి కదా.

మొగలిలంకకి మాత్రం చివర్న వెళ్ళింది, ఫిబ్రవరిలో ఒక ఉదయం. ఏలూరు దాకా రైలు, కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి చేపల చెరువుల గట్ల మీద ఆటో. ఇప్పుడు దోనెలతో పనిలేదు. ఊళ్ళో ఆశా వర్కరు ప్రీతి ఎదురొచ్చింది. ఆ పిల్లకి ఆ రోజు జ్వరాల సర్వే ఉంది, కాలు నిలవడం లేదు. ప్రసన్నలక్ష్మిని ఒక శ్లాబు ఇంటి అరుగు దగ్గరికి తీసుకెళ్ళి, "మామ్మా, ఈవిడ పుస్తకాలు రాస్తారంట. పాతకాలం రోగాల గురించి అడుగుతారంట, చెప్పు" అనేసి వెళ్ళిపోయింది.

ఆ మామ్మ సారమ్మ. ఎనభై దాటాయి. రెండు కళ్ళూ సరిగా ఆనవు. అరుగు మీద కాళ్ళు చాపుకుని చేటలో ఎండురొయ్యలు తడిమి తడిమి ఏరుతోంది. ప్రసన్నలక్ష్మి తనెవరో చెప్పబోయింది. సారమ్మ అప్పటికే మొదలుపెట్టేసింది.

"కలరా ఏడాదేనా అండీ? మా ఇంట్లోనే ఇద్దరు పోయారండి. మా ఆయనా, మా పెద్దోడూ."

"డాక్టరు వచ్చారట కదండీ?"

"వచ్చాడండి, ఎందుకు రాలేదు. కుర్రాడు, తెల్లగా ఉన్నాడు. దోనె దిగి నాలుగు గుడిసెలు చూశాడు. మా గుమ్మంలో మా ఆయన శవం ఉంది. అది చూసి కాళ్ళు వణికాయండి ఆయనకి, నా కళ్ళతో చూశాను. సీసాలూ మందులూ గట్టు మీద దింపించేసి, ఇంటి దగ్గర మా ఆవిడకి నెప్పులొస్తున్నాయి, తొలిచూలు, వెళ్ళాలి అన్నాడు. యేసమ్మ అని మాకు మంత్రసాని ఉండేదండి, మిషనోళ్ళ దగ్గర పని నేర్చుకుంది. అదే చెప్పింది. వెళ్ళండి బాబూ, తొలిచూలికి మగాడు దగ్గరుండాలి, ఇక్కడ నేను చూసుకుంటాను అని. పొద్దుగూకకుండానే దోనె ఎక్కి వెళ్ళిపోయాడు."

"తర్వాత?"

"తర్వాతేముందండి. యేసమ్మే చూసింది. సీసాలు ఎక్కించడం దానికి రాదు. గంజిలో ఉప్పేసి గుడిసె గుడిసెకీ తిరిగి పట్టించింది. పడుకున్నోళ్ళు ముప్ఫయ్యారు మందండి. ముప్ఫయి మందిని లేపింది. ఎనిమిదో రోజు అది పడింది, తొమ్మిదో రోజుకి లేదు. ఆ మర్నాడు ఆ డాక్టరు ఆఫీసర్లతో మోటారు పడవలో వచ్చి తెల్లపొడి జల్లించి ఫోటో దిగాడు." సారమ్మ ఒక రొయ్య తల తుంచి పక్కన పడేసింది. "ఆ బిడ్డ ఎక్కడుందో ఏమో. ఇప్పుడు నలభై ఏళ్ళుంటాయి. మీకేమైనా తెలుసా అండీ?"

"తెలియదండి" అంది ప్రసన్నలక్ష్మి. రాయడం మొదలుపెట్టిన ఇరవై ఏళ్ళలో ఆవిడ ఒక సాక్షికి చెప్పిన మొదటి అబద్ధం అదే.

తిరుగు బస్సు ఎక్కకుండా కైకలూరులో దేవరాజు ఇంటికి వెళ్ళింది. ఒక చేపల మేత దుకాణం పైన వాటా అది, మెట్ల నిండా తవుడు వాసన. దేవరాజు మళ్ళీ కుర్చీ తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు.

"యేసమ్మ ఎవరండీ?" అని అడిగింది.

దేవరాజు తువ్వాలు భుజాన వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "తెలుసండి అమ్మగారూ. మొగలిలంక కలరా కేసుల రిజిస్టరు డాక్టరు గారు చెబుతుంటే నేనే రాశానండి, ఆయన తిరిగొచ్చాక. తొమ్మిది రోజులూ ఒకేసారి కూర్చుని రాశామండి."

"మరి నాతో అలా చెప్పారేం?"

"మీరు డాక్టరు గారి భార్యనండీ అంటూ వచ్చారు కదండీ. మీ ముందు కూర్చుని ఎలా చెప్తామండి? తప్పు కదండీ!" ఆ మాట నిజాయితీగానే అన్నాడు. మనిషి మొహం మీద చేదు మాట అనడం కంటే పెద్ద తప్పు ఈ గోదావరి జిల్లాల్లో లేదు. పదకొండు మంది నోళ్ళకీ తనే తాళం వేసి, లోపల ఏముందో అడుగుతూ తిరిగిందన్నమాట.

ఇంటికి వచ్చే దారంతా ఆవిడకి కోపంగానే ఉంది. దాచిపెట్టడం ఎందుకు, చాలా కోపంగా ఉంది. పారిపోయినందుకు కాదు. ముప్ఫయ్యేళ్ళవాడు శవాల్ని చూసి బెదిరిపోయాడంటే ఆవిడకి అర్థమవుతుంది. ఇన్ని జబ్బుల గురించి రాసిన మనిషికి భయం గురించి ఆ మాత్రం తెలియకపోదు. కానీ ఆ ఏడాది తనకి నెలలూ లేవు, నెప్పులూ లేవు. ఆ తర్వాత కూడా రాలేదు. నాలుగేళ్ళు విజయవాడ చుట్టూ తిరిగి, పరీక్షలన్నీ చేయించుకుని, చివరికి ఇద్దరూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఎప్పటికీ పుట్టని ఆ బిడ్డని ఆయన ఎప్పుడో మొగలిలంక గట్టు మీద వాడేసుకున్నాడు.

నాలుగు రోజుల్లో అధ్యాయం రాసేసింది. తగాదా పెట్టుకోలేదు, అన్నం మానలేదు. ఐదో రోజు మధ్యాహ్నం, ఆఖరి పేషెంటు వెళ్ళాక, కన్సల్టింగ్ రూములోకి వెళ్ళి పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. కాగితాలు ఆయన ముందు పెట్టింది.

ఆయన సన్మానం సంగతి అనుకుని నవ్వుతూ మొదలుపెట్టారు. రెండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరిదాకా చదివి, కాగితాల అంచులు సమానంగా సర్ది బల్ల మీద పెట్టారు.

"ఎక్కడున్నారండీ ఆ తొమ్మిది రోజులూ?" అని అడిగింది.

"జంగారెడ్డిగూడెంలో. నా స్నేహితుడు బంగార్రాజు పొగాకు గోడౌను మీద గది ఉండేది చూడు, అక్కడ. రోజూ వెళ్దామనే అనుకున్నాను ప్రసన్నా. పొద్దున్నే బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవాణ్ణి" అన్నారు.

ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది.

"వేస్తావా ఇది?"

"వేస్తాను."

"పారిపోయానని వెయ్యి. నా పరువే కదా, పోతే పోయింది. యేసమ్మ పేరు పెట్టు, పెద్ద అక్షరాల్లో పెట్టు. ఆ నెప్పుల మాట ఒక్కటి తీసెయ్యి. నీ కోసమే చెబుతున్నాను. స్టేజీ మీద చదివితే జనం నీకేసి ఎలా చూస్తారో ఆలోచించు."

నీ కోసం అనడం ఆవిడకి నచ్చలేదు. అయినా ఆలోచించింది. ఆ మాట తీసేస్తే యేసమ్మ, డాక్టరు వదిలేసి పోతే మిగిలిపోయిన మనిషి అవుతుంది. ఉంచితే, ఎవరో తెలియని ఆడదాని పురుడు కోసం తన ప్రాణం మీదికి తెచ్చుకుని డాక్టర్ని పంపించిన మనిషి అవుతుంది. రెండూ ఒకటి కావు.

"అది సారమ్మ గారి మాటండీ. ఎవరి మాట వాళ్ళకి చదివి వినిపిస్తాను. కొట్టెయ్యమంటే కొట్టేస్తాను. నా అంతట నేను కొట్టను, ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి" అంది.

"అయితే నేనూ వస్తాను" అన్నారు డాక్టరు గారు. ఎందుకొస్తానన్నారో ఆవిడకి తెలుసు. ఎదురుగా నిలబడి అడిగితే తన మాట కాదనే మనిషి ఆ చుట్టుపక్కల లేడని ఆయన ధీమా. అది వట్టి ధీమా కూడా కాదు.

ఆదివారం కార్లో వెళ్ళారు. చర్చి వదిలాక సారమ్మ తెల్లచీరలో అరుగు మీద కూర్చుని ఉంది, పక్కనే చేట. ఈసారి ప్రసన్నలక్ష్మి అన్నీ వరసగా చెప్పింది. తనెవరో, పక్కన ఎవరో, ఆ రోజు ఎందుకు చెప్పలేకపోయిందో.

సారమ్మ గాభరాగా కాళ్ళు ముడుచుకుంది. "అయ్యో అయ్యో! డాక్టరు గారా అండీ! ఒసే ప్రీతీ, కుర్చీలు తేవే! అమ్మగారూ, మీరెవరో చెప్పకపోతే ఎలా అండీ, నోటికొచ్చినట్టు వాగేశాను."

"వాగలేదండి. ఉన్నదే చెప్పారు. ఇది వినండి" అని ప్రసన్నలక్ష్మి తను రాసినది చదివింది. చదువుతున్నంతసేపూ సారమ్మ చేతులు తిప్పుతూనే ఉంది, వద్దు వద్దన్నట్టు.

"అంత మాట ఎందుకండీ! డాక్టరు గారు దేవుడిలా వచ్చారండి. మందులు తెచ్చారు కదండీ. భయం ఎవరికుండదు బాబూ, మీరప్పుడు చిన్నోరు."

"అమ్మా, ఆ నెప్పుల మాట మాత్రం..." అన్నారు డాక్టరు గారు.

"తీసెయ్యండి బాబూ, అవన్నీ ఇప్పుడెందుకండి. అమ్మగారూ, కొట్టెయ్యండి."

ప్రసన్నలక్ష్మి పెన్ను తీసి ఆ వాక్యం మీద గీత గీసింది. డాక్టరు గారి భుజాలు దిగాయి. ప్రీతి సోడాలు తెచ్చింది. వచ్చిన పని అంత తేలిగ్గా అయిపోతుందని ఆయన కూడా అనుకుని ఉండరు. సోడా తాగి లేవబోయారు.

సారమ్మ ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. మొహం నిండా నవ్వు.

"ఒక్కటి అడుగుతానండి బాబూ. పాపా, బాబా? యేసమ్మ పాపే పుడుతుంది అందండి."

పాప అంటే సరిపోయేది. ఆ ముసలామె సంతోషించేది, కారు బయల్దేరేది. డాక్టరు గారు భార్య వైపు చూశారు. ఆవిడ సాయం చెయ్యలేదు. కోపంతో కాదు. సాక్షి నోట్లోంచి వచ్చేదాకా ఆగడం ఆవిడకి అలవాటు.

"లేదమ్మా" అన్నారు.

"అయ్యయ్యో, దక్కలేదా అండీ?" సారమ్మ రెండో చెయ్యి కూడా ఆయన చేతి మీద వేసింది.

అది కూడా సరిపోయేదే. తల ఊపితే చాలు. ఆయన తల ఊపలేదు.

"దక్కకపోవడం కాదమ్మా. అసలు లేదు. మా ఆవిడకి అప్పుడు నెలలూ లేవు, నెప్పులూ లేవు. మాకు పిల్లలే పుట్టలేదు. శవాన్ని చూసి భయం వేసి అలా చెప్పాను."

సారమ్మ చేతులు తీసేసుకుంది. "యేసమ్మకి చెప్పావా ఆ అబద్ధం?" అని అడిగింది.

ఆయన్ని పేషెంట్లెవరూ ఎన్నడూ నువ్వు అని ఎరగరు. "ఆవిడకే చెప్పానమ్మా" అన్నారు.

"పోయే రోజు దాని తల నా ఒళ్ళోనే ఉంది. నీళ్ళు కావాలా అన్నాను, వద్దంది. డాక్టరు గారి ఇంటికి మనిషిని పంపండే, తల్లీ బిడ్డా క్షేమమేనా కనుక్కోండి అంది. కబురొచ్చిందా, కబురొచ్చిందా అని రెండుసార్లు అడిగింది. దాని ప్రాణం కొట్టుకుంటోందని, క్షేమమే, పాప పుట్టిందంట అని నేనే చెప్పాను." సారమ్మ మొహం ప్రసన్నలక్ష్మి గొంతు వినిపించిన వైపు తిప్పింది. "అమ్మగారూ, ఇందాక కొట్టెయ్యమన్నాను కదండీ. కొట్టెయ్యకండి. ఇది కూడా కలిపి రాయండి."

ప్రసన్నలక్ష్మి కొత్త కాగితం తీసి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. చెప్పింది చెప్పినట్టు రాయాలి కాబట్టి అక్కడక్కడ ఆగి, మళ్ళీ చెప్పమని అడిగింది. సారమ్మ ఆవిడకే చెబుతూ వచ్చింది. డాక్టరు గారు సోడా సీసా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డారు. కూర్చోండి బాబూ అని ఎవరూ అనలేదు.